కాలేయం ఇద్దామంటే నాకూ ఫ్యాటీ లివర్ అన్నారు... స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు పనిచేస్తాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. మద్యం ముట్టని మనిషి. అయినా సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడిపోవడం) వచ్చిందని, పొట్టలో నీరు చేరిందని, జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు 21 ఉందని, కాలేయ మార్పిడి చేయించాలని చెప్పారు. నేను ఇస్తానన్నాను. నాకు 31 ఏళ్లు, బరువు 91 కిలోలు. నాకూ ఫ్యాటీ లివర్ ఉంది కాబట్టి ఇప్పుడు కుదరదన్నారు. చెల్లెలు ఇస్తానంటోంది గానీ, పెళ్లి కావలసిన పిల్ల అని అమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంతలో ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేస్తే మార్పిడి అవసరమే ఉండదంటున్నారు. అమెరికాలో కొత్త మాత్ర వచ్చిందనీ చదివాను. ఏం చేయమంటారు? - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల సంగతి తేల్చుకుందాం. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు, నాన్నగారి చేతిలో ఉన్న సమయం కూడా.

ఆ ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. ఎముక మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించే జీ-సీఎస్ఎఫ్ అనే ఇంజెక్షన్ ఉంది. ఆ కణాలు వెళ్లి కాలేయాన్ని బాగుచేస్తాయని ఆశించారు. కాలేయం ఒక్కసారిగా విషమించిన రోగులకు దీన్ని ఇస్తే ఎక్కువ మంది బతికారని 2012లో ఢిల్లీ పరిశోధకులు ప్రకటించారు. అయితే అది కొద్దిమందిపై చేసిన అధ్యయనం. తర్వాత బ్రిటన్‌లో 81 మంది సిరోసిస్ రోగులపై పరీక్షించారు. ఫలితాలు 2018లో వచ్చాయి. ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవారికి గానీ, దాంతోపాటు తమ మూలకణాలనే తిరిగి ఎక్కించుకున్నవారికి గానీ మామూలు చికిత్స కన్నా అదనంగా ఒరిగిందేమీ లేదు. పైగా కణాలు ఎక్కించినవారిలోనే తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. 2021లో వెలువడిన జర్మనీ పరీక్షలోనూ జీ-సీఎస్ఎఫ్‌తో ప్రయోజనం తేలలేదు. నిజమైన పరిశోధనలో చేరితే రోగి చేత సమ్మతి పత్రం రాయించుకుంటారు, చికిత్సకు డబ్బు అడగరు. ప్యాకేజీ ధర చెప్పారంటే అది పరిశోధన కాదు, వ్యాపారం.

మీరు చదివిన మాత్ర బహుశా రెస్మెటిరోమ్. కొవ్వు వల్ల కాలేయం వాచి, మచ్చలు పడుతున్నవారికి 2024 మార్చిలో అమెరికా దీన్ని అనుమతించింది. 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కూ అదే జబ్బులో అనుమతి దొరికింది. ఈ రెండు మందులూ మచ్చలు రెండు, మూడు దశల్లో ఉన్నవారికే. నాలుగో దశే సిరోసిస్. దాన్నీ దాటి పొట్టలో నీరు చేరిన నాన్నగారికి ఇవి మార్పిడిని తప్పించలేవు. మెల్డ్ స్కోరు 15 దాటితే సాధారణంగా మార్పిడి వల్లే మేలు ఎక్కువ. మీకు చెప్పిన డాక్టర్లు తొందరపడి చెప్పలేదు.

నాన్నగారి కోసం మీరు వెతికిన ఈ పరిశోధనంతా నిజానికి మీకు వర్తించేది. మద్యం లేకుండా, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వుతో మొదలై సిరోసిస్ దాకా వెళ్లే జబ్బు ఆయనది. 31 ఏళ్లకు మీరు దాని మొదటి మెట్టు మీద ఉన్నారు. షుగర్ పరీక్ష, కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించుకోండి.

దాత కాలేయంలో కొవ్వు ఉంటే సర్జన్లు ఎందుకు వెనకాడతారో చెబుతాను. పెద్దవాళ్లకు సాధారణంగా కుడి భాగం తీసి అమరుస్తారు. కాలేయంలో అది దాదాపు 60-65 శాతం. దాతకు మిగిలేది మూడో వంతు. కొన్ని నెలల్లో అది దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. కానీ మొదటి వారాల్లో ఆ మూడో వంతే ఒంటినంతా మోయాలి. అందులోనూ కొవ్వు ఉంటే పనిచేసే భాగం ఇంకా తగ్గుతుంది, పెరగడమూ మందగిస్తుంది. అంటే ముప్పు నాన్నగారికే కాదు, మీకు కూడా.

అయితే ఈ కొవ్వు కరుగుతుంది. క్యూబాలో ఏడాదిపాటు ఆహారం, వ్యాయామం మీద సాగిన అధ్యయనం 2015లో వెలువడింది. అందులో బరువు పది శాతం తగ్గినవారిలో 90 శాతం మందికి కాలేయంలోని వాపు జబ్బు పోయింది. మీకు పది శాతం అంటే తొమ్మిది కిలోలు. రెండు, మూడు నెలలు పట్టుగా ఉండి, మళ్లీ స్కాన్ చేయించుకుని దాతలుగా అర్హత పొందినవారు ఉన్నారు. రాత్రి అన్నం సగానికి తగ్గించండి. కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, మద్యం పూర్తిగా మానండి. రోజూ ముప్పావు గంట చెమట పట్టేలా నడవండి. కడుపు మాడ్చుకుని వారంలో తగ్గాలని మాత్రం చూడకండి, అది కాలేయానికే చేటు.

మీరు తగ్గేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా నాన్నగారి పేరు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో ఇప్పుడే నమోదు చేయించండి. ఖర్చు సమస్యయితే ఉస్మానియా, నిమ్స్‌లలో అడగండి.

చెల్లెలి విషయం. కాలేయం ఇచ్చిన ఆడపిల్లలు పెళ్లి చేసుకుని, పిల్లల్నీ కంటున్నారు. గర్భానికి ఏడాది ఆగమంటారు, అంతే. పొట్ట మీద మచ్చ ఉంటుంది, ప్రాణాపాయం చాలా అరుదు కానీ సున్నా కాదు. ఈ రెండూ అమ్మగారికి దాచకుండా చెప్పండి. కానీ నిర్ణయం చెల్లెలిదే కావాలి. మన ఇళ్లలో దానం అనగానే ఆడవాళ్ల వైపే చూస్తారన్నది నాకు నచ్చని నిజం. డాక్టర్లు ఆమెతో విడిగా మాట్లాడతారు. వద్దంటే, ఇంట్లోవాళ్లకు ‘సరిపోలేదు’ అని మాత్రమే చెబుతారు.

ఇక నాన్నగారి సంగతి. ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేపలు బంద్. కానీ పథ్యం పేరుతో చప్పిడి గంజి పోసి కూర్చోబెట్టకండి. కండ కరిగితే ఆపరేషన్‌కు తట్టుకోలేరు. పప్పు, గుడ్డు, పెరుగు తగినంత పెట్టండి, పడుకునే ముందు కూడా ఏదైనా తినిపించండి. తిప్పతీగ కషాయం ఇస్తుంటే ఆపేయండి. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. పసరు మందులూ వద్దు, కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు. జ్వరం, మాట తడబాటు, పగలంతా మగత, నల్లటి విరేచనం, రక్తపు వాంతి - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.