కళ్ళు, ముక్కు బాగానే వస్తున్నా ముఖంలో పోలిక ఎందుకు రావడం లేదు?

పెన్సిల్‌తో ముఖం గీస్తుంటే కళ్ళు, ముక్కు, పెదాలు విడివిడిగా బాగానే వస్తున్నాయి కానీ మొత్తం చూస్తే ఆ మనిషిలా లేదని, ముఖం పలకలా చదునుగా ఉందని రాశారు. నేను దాదాపు మూడేళ్ళు ఇదే ఇబ్బంది పడ్డాను.

మా తాతయ్య ఫోటో చూసి ఒక బొమ్మ వేశాను. కళ్ళతో మొదలుపెట్టి, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ గీస్తూ రెండు రోజులు వాటి మీదే కూర్చున్నాను. తర్వాత ముక్కు, నోరు, ఆఖరున దవడ. అమ్మ చూసి, "కళ్ళు నాన్నవే, ముఖమే నాన్నది కాదు" అంది. చాలా బాధేసింది. ఫోటో పక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే విషయం అర్థమైంది.

పెద్దవాళ్ళ తలలో కళ్ళు సుమారుగా నడినెత్తికి, గడ్డానికి సరిగ్గా మధ్యలో ఉంటాయి. నేను బాగా పైకి పెట్టేశాను. నుదురు, జుట్టు ఉన్న చోట గీయడానికి పెద్దగా ఏమీ లేనట్టు అనిపించి, కొత్తవాళ్ళందరం ఆ భాగాన్ని తగ్గించేస్తాం. ఇంకో పొరపాటు మరీ ముఖ్యమైనది. కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా ఎంతో, అక్కడి నుంచి గడ్డం దాకా అంతే అని నేర్చుకుని, అదే కొలత పెట్టాను. తాతయ్యకి పళ్ళు ఊడిపోయి ముఖం కింది భాగం కుదించుకుపోయింది. నేను గీసింది పళ్ళున్న ఎవరిదో ముఖం! కొలతలు తప్పకుండా నేర్చుకోండి. కానీ ఈ మనిషి ఆ కొలతకి ఎక్కడ తేడాగా ఉన్నాడో చూడండి, పోలిక దొరికేది అక్కడే.

రెండోసారి కళ్ళు గీయనే లేదు. కళ్ళు సగం మూసి ఫోటో చూస్తే చిన్న వివరాలన్నీ పోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. కనుబొమ ఎముక కింద గుంట, ముక్కు పక్కన, పై పెదవి, గడ్డం కింద మెడ, ఇవన్నీ కలిసి ఒకే నీడగా కనిపించాయి. ఆ ఆకారాన్ని పల్చగా గీసి, హెచ్‌బీ పెన్సిల్‌తో ఒకే టోన్, అంటే ఒకే ముదురుదనం, నింపాను. అమ్మ వెనక నుంచి చూసి "నాన్న!" అంది. అప్పటికి బొమ్మలో కళ్ళు లేవు.

షేడింగ్ చేసేటప్పుడు ఎముక ఎక్కడ తిరుగుతోందో ఆలోచించండి. చెంప ముందు వైపు నుంచి పక్కకి తిరిగే చోట టోన్ మారుతుంది, కణత దగ్గర మళ్ళీ మారుతుంది. వెలుగు పైనుంచి పడితే పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముదురుగా, కింది పెదవి లేతగా కనిపిస్తుంది. కంటి తెల్లగుడ్డు కాగితమంత తెల్లగా వదలకండి. అది బంతి, పైగా రెప్ప నీడ దాని మీద పడుతుంది. పళ్ళ మధ్య గీతలు అసలు వద్దు.

పెన్సిళ్ళు నాలుగు చాలు: 2హెచ్, హెచ్‌బీ, 2బీ, 6బీ. వీటిలో 2హెచ్ గట్టిది, లేతగా పడుతుంది; 6బీ మెత్తది, అన్నిటికంటే ముదురుగా పడుతుంది. పొరలు పొరలుగా, తేలిక చేత్తో వెయ్యండి. మొదట్లోనే గట్టిగా నొక్కితే కాగితం గరుకుతనం పోయి, దాని మీద ఇంకో పొర పట్టదు, గ్రాఫైట్ మెరుస్తుంది. చాలామంది అందుకు భయపడి అన్నీ బూడిద రంగులోనే ఆపేస్తారు, ముఖం చదునుగా ఉండటానికి అదొక పెద్ద కారణం. కంటిపాప, ముక్కు రంధ్రాలు, పెదాల మధ్య గీత ఎంత ముదురో ముందే 6బీతో ఒక మూల వేసి చూసుకోండి, మిగతావన్నీ దానితో పోల్చుకోవచ్చు. వేలితో రుద్దకండి, చర్మం మీది జిడ్డు మరకగా ఉండిపోతుంది. హైలైట్లు చివర్లో పిసికే రబ్బరుతో, అంటే నీడెడ్ ఎరేజర్‌తో, అద్ది తీయండి.

ఇప్పుడు వేస్తున్న ఫోటో ఫ్లాష్‌తో తీసిందైతే దాన్ని పక్కన పెట్టేయండి, అందులో గీయడానికి నీడే ఉండదు. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడేలా, ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా పెట్టకుండా కొత్తది తీసుకోండి. దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. దాన్నుంచి ముందు నీడ ఒక్కటే వేసి, ఆ మనిషిని తెలిసిన ఎవరికైనా చూపించండి.