ఆన్‌లైన్ కోర్సులో పిల్లలు కాపీ కొట్టకుండా, పద్ధతిగా ఉండేలా ఏ నిబంధనలు పెట్టాలి?

డిగ్రీ పిల్లల కోసం ఆన్‌లైన్ కోర్సు తయారు చేస్తున్నానని, మొదటి రోజే గట్టి నిబంధనలు పెడితే దారిలో ఉంటారా అని అడిగారు. నిబంధనలు నేనూ పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నేను కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో ఒక్క రోజు శిక్షణ కూడా లేకుండా, ఫోన్ ముందు కూర్చుని కాస్ట్ అకౌంటింగ్ మొదలుపెట్టాను. నిబంధనలు రెండు పేజీలు రాసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ దండం ఎమోజీలు పెట్టారు.

వారం తర్వాత మొదటి అసైన్‌మెంట్ వచ్చింది. పుస్తకంలోని బ్రేక్ ఈవెన్ లెక్కే (లాభం, నష్టం లేకుండా ఎంత అమ్మాలో తేల్చేది) ఇచ్చాను. 58 మందిలో 41 మంది పంపారు. అందులో 29 మంది స్థిర ఖర్చు 48,000 బదులు 84,000 వేశారు. కోపం ఆగక లైవ్ క్లాసులోనే అందరినీ కడిగేశాను. మర్నాడు సగం మందే వచ్చారు. ఆ సాయంత్రం, ముందుగా లెక్క చేసిన అమ్మాయే ఫోన్ చేసింది. "అడిగితే ఇవ్వకపోతే నాతో ఎవరూ మాట్లాడరు మేడం. అందరూ అదే ఎక్కిస్తారని నాకేం తెలుసు?" అంది. నాకు సిగ్గేసింది. 58 మందికి ఒకే జవాబున్న ప్రశ్న ఇచ్చి, ఎవరి ఫోన్‌తో వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టింది నేనే కదా.

తర్వాతి అసైన్‌మెంట్ నుంచి అంకెలివ్వడం మానేశాను. మీ ఇంట్లోదో, మీ వీధిలోదో ఒక పని తీసుకుని లెక్క వేయండి అన్నాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు రొయ్యల మీదో, పొగాకు మీదో, ఉలవపాడు వైపైతే మామిడి తోటల మీదో నడుస్తాయి. జువ్వలదిన్నె వైపు అబ్బాయి ఒకడు వాళ్ల నాన్న రొయ్యల గుంట లెక్క తెచ్చాడు. గుంట కౌలు స్థిర ఖర్చు; సీడ్ (రొయ్య పిల్లలు), మేత మారే ఖర్చు. అక్కడిదాకా బాగానే ఉంది. మరి గుంట నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు ఎందులో వేయాలి? పిల్ల చిన్నగా ఉన్నప్పుడు కాసేపు తిప్పితే చాలు, రొయ్య పెరిగేకొద్దీ రాత్రంతా తిప్పాలి. అలాగని గుంట ఖాళీగా ఉంటే బిల్లు పూర్తిగా ఆగిపోదు. పుస్తకంలో సెమీ వేరియబుల్ (కొంత స్థిరం, కొంత మారేది) అని ఒక పేరాలో దాటేసే సంగతి మీద ఆ రోజు గంటసేపు వాదించుకున్నారు. ఈలోగా కందుకూరు వైపు అమ్మాయి వాళ్ల పొగాకు బ్యారన్ (ఆకు కట్టి, కట్టెల వేడితో ఆరబెట్టే గది) సంగతి ఎత్తింది: "నిండుగా కట్టినా, సగమే కట్టినా కట్టెలు ఇంచుమించు అంతే కాలతాయి మేడం. అదెట్టా మారే ఖర్చు అవుద్ది?" నా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు. అంతకుముందు నోరే విప్పని పిల్లలు ఆ రోజు మైకులు ఆపలేదు.

ఇలాంటి లెక్క దించుకున్నవాడు ఇట్టే దొరికిపోతాడు. అయినా ఊరికే నమ్మలేదు. వారానికి ఐదుగురి పేర్లు చీటీ తీసి ఫోన్ చేసేదాన్ని. "మేత బస్తా రేటు ఎవర్ని అడిగావు?" లాంటి ప్రశ్నలు రెండే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. చెప్పలేకపోతే సున్నా వేయను, మళ్లీ చేయమంటాను. సెమిస్టర్ అయ్యేలోపు దాదాపు అందరికీ వంతు వస్తుంది.

గడువు సంగతి మీకు చిన్నదిగా అనిపించవచ్చు, కానీ సగం కాపీ పుట్టేది అక్కడే. నేను మొదట ఆదివారం రాత్రి 11:59 అని పెట్టాను. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అది నాన్న పని నుంచి వచ్చాకే చేతికొస్తుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అప్పటికే తమ్ముడి క్లాసులకి అయిపోయి ఉంటుంది. కొత్త డేటా వచ్చేది రాత్రి 12 దాటాక. అంటే నా గడువు సరిగ్గా వాళ్ల చేతులు కట్టేసే వేళకి ముగుస్తోంది! సోమవారం ఉదయం 10కి మార్చాక ఆఖరి నిమిషంలో వచ్చే కాపీలు బాగా తగ్గాయి.

ఇంకో మార్పు ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటీఈఎల్ నుంచి తీసుకున్నాను. వాళ్ల 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయి. వాటికి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. నాలుగు పోయినా కొంప మునగదని తెలిస్తే అబద్ధం చెప్పే పని ఉండదు. 2021 నవంబర్‌లో పెన్నా వరదకి కోవూరు దగ్గర హైవే తెగినప్పుడు దీని విలువ తెలిసింది. ఇంట్లోకి నీళ్లొచ్చిన పిల్లలు నన్ను గడువు పెంచమని అడగలేదు, ఫోన్ ఛార్జింగే లేదు. అడిగినవాళ్లంతా వరద ముఖం చూడనివాళ్లు.

వీడియోల గురించి ఒక్క మాట. పెద్ద పాఠాన్ని ఆరేడు నిమిషాల ముక్కలు చేయండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో దాదాపు 69 లక్షల వీక్షణలు పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో కూడా, వీడియో ఎంత పెద్దదైనా మామూలుగా చూసింది ఆరు నిమిషాలకి లోపేనని తేలింది.

ఇక ప్రవర్తన. నిబంధన కచ్చితంగా ఉండాల్సింది ఇక్కడే. లైవ్ క్లాసులో కెమెరా ఆన్ చేసిన ఒక అమ్మాయి ముఖాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఒకడు వాట్సాప్ స్టిక్కర్ చేసి తిప్పాడు. నా రెండు పేజీల్లో స్క్రీన్‌షాట్ అనే మాటే లేదు! వాడిని గ్రూపులో తిట్టకుండా విడిగా పిలిచి మాట్లాడాను, ఇంట్లో చెప్పొద్దని ఏడ్చాడు, స్టిక్కర్ తీసేశాడు, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాడు. కానీ ఆ సెమిస్టర్ అయ్యేదాకా ఆ అమ్మాయి మైక్ ఆన్ చేయలేదు. అప్పటి నుంచి కెమెరా ఆన్ చేయమని నేను ఎవరినీ అడగను. నిబంధనలు కూడా మొదటి రోజు పిల్లల చేతే రాయిస్తాను, ఐదు దాటకుండా. ఏ బ్యాచ్ రాసినా స్క్రీన్‌షాట్ మాట మొదటిదో రెండోదో అయి ఉంటుంది. వాళ్లకి నొప్పి ఎక్కడో వాళ్లకే తెలుసు.

చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి లెక్కల పద్ధతి కూడా పూర్తిగా కాపాడదు, అది ముందే తెలుసుకోండి. పోయినేడాది ఒకడు చక్కని లెక్క పంపాడు. అందులో 30 కౌంట్ రొయ్య కన్నా 100 కౌంట్‌కి ఎక్కువ రేటు ఉంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. అంకె పెరిగితే రొయ్య చిన్నది, రేటు తక్కువ. ఫోన్ చేసి "కౌంట్ అంటే ఏంటి నాయనా?" అంటే కాసేపు చప్పుడు లేదు. తర్వాత "చుట్టూ రొయ్యల గుంటలున్న అల్లూరే మాది మేడం" అని నవ్వేశాడు. రెండు రోజుల్లో మళ్లీ పంపాడు, ఈసారి వాళ్ల మామ చేతిరాత లెక్కల పుస్తకం ఫోటోతో సహా.

మీ సబ్జెక్టు ఏమిటో, పిల్లలు ఏ వైపు వాళ్లో రాయలేదు. కామెంట్‌లో చెప్తే అక్కడి పనులకి తగ్గ ప్రశ్నలు ఒకటి రెండు సూచిస్తాను.