చుట్టరికం కలిపిన మాటకు బాకీ ఉంటుంది

నాయకులు ఆనకట్టలను దేవాలయాలని, ప్రజలను తమ కుటుంబమని వర్ణిస్తుంటారు కదా, ఇలాంటి రూపకాల వల్ల వినేవారికి ఒరిగేదేమిటని అడిగారు. నెహ్రూ గారి దేవాలయం పోలిక గొప్పదే. కాని అది విని ఎవరూ తమ ఇంటి సంగతి తలచుకోరు. చుట్టరికం కలిపే మాట మాత్రం నేరుగా ఇంట్లోకి వస్తుంది.

1989 జనవరి ఎన్నికల ముందు ఒక సాయంత్రం చెన్నైలో, పెరంబూరులోని మా వీధిలోకి ప్రచార వాహనం వచ్చింది. మైకులో కరుణానిధి గారి గొంతు, ఆయన ప్రసంగాలకు ఆనవాలైన "ఎన్ ఉయిరినుం మేలాన అన్బు ఉడన్‌పిరప్పుగళే" అన్న పిలుపు. వసారాలో బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపి, "ఉడన్‌పిరప్పు అంటే మన తోబుట్టువే కదురా?" అని అడిగింది. అవునన్నాను, "నా ప్రాణం కన్నా మిన్నయిన తోబుట్టువులారా" అని పిలుస్తున్నారని చెప్పాను. "అయితే పంపకాలనాడు కూడా అలాగే పిలవాలి" అని మళ్ళీ చేట అందుకున్నది. తాతల నాటి ఇంటి గురించి మామయ్యలు మాట్లాడుకునేటప్పుడు ఆమెను ఎన్నడూ పిలవలేదు.

ఆ మాటను మన పత్రికలు "సోదర సోదరీమణులారా" అని అనువదిస్తుంటే నాకు బాధ కలుగుతుంది. తోడ పుట్టడమన్న అర్థం రెండు భాషల్లోనూ ఉండగా, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పించే సవరణ తమిళనాడులో కరుణానిధి గారి హయాంలోనే, 1989 మార్చి 25 నుంచి వర్తించేలా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలను ఆడపడుచులని పిలిచిన రామారావు గారి ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచే ఆ హక్కు ఇచ్చింది. ఇది కాకతాళీయమంటే నేను ఒప్పుకోను. వేలమంది ఎదుట పదేపదే తోబుట్టువని పిలిచినవారికి ఆ పిలుపే బాకీ అవుతుంది, వినేవారు దాన్ని వసూలు చేసుకోవచ్చు.

అయితే రెండు చట్టాలూ ఆ తేదీలకు ముందే పెళ్ళయిన కుమార్తెలను వదిలేశాయి. 1991లో మా తాతగారింటి పంపకం రాసినప్పుడు, అప్పటికి పెళ్ళి కాని పిన్నికి వాటా వచ్చింది, అమ్మకు రాలేదు. దస్తావేజు చదువుతున్నంతసేపూ ఆమె గుమ్మం దగ్గర నిలబడే ఉన్నది.

2005లో కేంద్రం పెళ్ళయిన కుమార్తెలకు కూడా హక్కు ఇచ్చినప్పుడు అమ్మ ఆ వార్తను నాచేత రెండుసార్లు చదివించుకున్నది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను ఆ చట్టం తిరగదోడదన్న వాక్యం దగ్గరికి రాగానే, చాలు, పత్రిక మడిచి పెట్టమన్నది.