మీటరులో తక్కువ కిలోమీటర్లు ఉంటే పాత స్పోర్ట్స్ కారు తక్కువ తిరిగినట్టేనా?

కాదు, మీటరులో కనిపించే అంకె ఒక్కటే కారు ఎంత తిరిగిందో చెప్పే రుజువు కాదు. డిజిటల్ మీటరులో ఆ అంకె ఎలక్ట్రానిక్ మెమొరీలో ఉంటుంది కాబట్టి, తగిన పరికరం ఉన్నవారు దానిని కొద్దిసేపట్లోనే తగ్గించగలరు. అయితే సర్వీసు రికార్డులలోను, కొన్ని కార్లలో ఇంజిన్ కంప్యూటరులోను పాత లెక్క విడిగా మిగిలే ఉంటుంది.

ఉదాహరణకు, హన్మకొండలో అమ్మకానికి వచ్చిన 2019 నాటి కారు మీటరు 15,000 కిలోమీటర్లు చూపుతోందనుకుందాం. టైరు పక్కభాగంలో తయారీ అంకె 2321 అని ఉంటే ఆ టైరు 2021లో 23వ వారంలో తయారైనదని అర్థం, కనుక అంత తక్కువ తిరిగిన కారుకు మొదటి టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో అమ్మేవారు చెప్పగలగాలి. దానికి తోడు బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు జిడ్డుగా మెరుస్తుంటే అనుమానం బలపడుతుంది.

డిజిటల్ మీటరును ఎవరూ మార్చలేరని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. ఆర్‌సీ సరిగా ఉందని తృప్తిపడటం కూడా అంతే, ఎందుకంటే అందులో కిలోమీటర్ల లెక్కే ఉండదు. తేదీలవారీగా కిలోమీటర్లు నమోదైన సర్వీసు చరిత్రను అధీకృత సర్వీసు సెంటరు నుంచి తెప్పించమని యజమానినే అడగండి; అది చేతికి వచ్చేదాకా బయానా ఇవ్వకండి.