మీ క్లాసును ఎవరైనా చూశారా?

‘టీచరమ్మను అడగండి’కి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంగ్లిష్ చెప్పేవాళ్లవే. బెంగళూరులో ఏటా ఎండాకాలం ఇదే వరస. స్కూళ్లు కొత్త టీచర్లను తీసుకుంటాయి, పాతవాళ్లను సర్టిఫికెట్లు అడుగుతాయి, వాళ్లు నాకు రాస్తారు. నేను రిటైరై జయనగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నా టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన అలవాటు ఎక్కడికి పోతుంది? అందుకని ఈ నెల ఉత్తరాలు తక్కువ, జవాబులు పొడుగు.

ప్రశ్న: మాది కడప. పెళ్లయ్యాక మారతహళ్లి వచ్చాం. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. బీఈడీ ఉంది. అయినా ‘ఇంటర్నేషనల్ సర్టిఫికెట్’ ఏదైనా తెచ్చుకోమని మేనేజ్‌మెంట్ పట్టుబడుతోంది. 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా బోధించే శిక్షణ) కోర్సు వెయ్యి రూపాయల లోపే, రెండు రోజుల్లో పూర్తి అని ఫోన్‌లో యాడ్ చూశాను. చేరమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక టీచర్, మారతహళ్లి

జవాబు: అమ్మా, రెండు రోజులు కలిపితే 48 గంటలు. అందులో 120 గంటల కోర్సు ఎలా పట్టిందో ముందు వాళ్లనే అడగండి.

ఆ 120 అనే అంకె ఎక్కడిదో చెబుతాను. ఇంగ్లిష్ టీచర్ల శిక్షణకు కేంబ్రిడ్జ్ వాళ్లు పెట్టిన సెల్టా అనే కోర్సుకు కనీసం 120 గంటలు కావాలి. యాడ్ వేసినవాళ్లు అంకెను మాత్రం ఎత్తుకొచ్చి అసలు సరుకును అక్కడే వదిలేశారు. సెల్టాలో చేరినవాళ్లు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి మొత్తం ఆరు గంటలు పాఠం చెప్పాలి. వెనక ట్రైనరు కూర్చుని రాసుకుంటారు, తోటివాళ్లు కూడా చూస్తారు. పాఠం అయ్యాక అందరూ కూర్చుని ఎక్కడ బాగుందో, ఎక్కడ పిల్లలు అటూ ఇటూ చూశారో మాట్లాడుకుంటారు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సర్ట్‌టీసోల్ అనే కోర్సులోనూ ఇదే పద్ధతి. మీరు స్టీరింగ్ పట్టుకోగా ఒక్కసారైనా చూడని డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్‌కు ఎంత విలువో, రెండు రోజుల టెఫెల్‌కూ అంతే.

కాబట్టి ఏ కోర్సు వాళ్లకు ఫోన్ చేసినా ఒక్క ప్రశ్న వేయండి: “నేను పాఠం చెబుతుంటే మీవాళ్లు ఎవరైనా కూర్చుని చూస్తారా?” జవాబు నసిగితే ఫోన్ పెట్టేయండి.

అలాగని మిమ్మల్ని సెల్టాకు పరుగెత్తమనడం లేదు. దానికి ఖర్చు ఎక్కువ, పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాలు ఉద్యోగం వదిలి కూర్చోవాలి. పైగా అది మొదట్లో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెప్పేవారి కోసం తయారైన కోర్సు. మీ ఆరో తరగతి అల్లరి దాని ఊహలో లేదు. మేనేజ్‌మెంట్‌కు కాగితమే కావాలంటే కేంబ్రిడ్జ్ వాళ్లదే టీకేటీ (టీచింగ్ నాలెడ్జ్ టెస్ట్) అనే పరీక్ష ఉంది. మూడు ప్రధాన మాడ్యూళ్లు, ఒక్కోదానికి 80 ప్రశ్నలు, 80 నిమిషాలు. ఒక్కటైనా రాయొచ్చు, మూడూ రాయొచ్చు. ఫెయిల్ అనేది లేదు, 1 నుంచి 4 వరకు బ్యాండ్ ఇస్తారు. అది మీ క్లాసును చూడదు, కానీ చూస్తామని అబద్ధమూ చెప్పదు. దానికోసం చదివిన చదువు మీకు మిగులుతుంది. ఇంకా లోతుగా చదవాలనుంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) దూరవిద్య కోర్సుల వివరాలు కనుక్కోండి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైనప్పటి నుంచీ ఇంగ్లిష్ టీచర్లను తయారుచేయడం దాని ప్రధానమైన పనుల్లో ఒకటి.

మేనేజ్‌మెంట్ సంగతి అయింది. ఇక మీ సంగతి. ప్రిన్సిపాల్‌కు ఒక మాట చెప్పి, రేపటి నుంచి వారానికి ఒక పీరియడ్ మీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వీడియో వద్దు, పిల్లల మొహాలు రాకూడదు, ఆడియో చాలు. ఇంటికెళ్లి గిన్నెలు కడుగుతూ వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అది అందరికీ ఉండేదే. రెండోసారి ఒక్క విషయం పట్టించుకోండి: మీరు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారు? 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు క్లాసుల టేపులు విని చెప్పిందేమిటంటే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతారు, ఆ తరువాత వాళ్లే జవాబు చెప్పేస్తారు లేదా ఇంకొకర్ని అడుగుతారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. అది మాతృభాషలో చదువుకునే పిల్లల సంగతి. మీ పిల్లాడు ప్రశ్నను తెలుగులోనో కన్నడంలోనో ఆలోచించుకుని, జవాబును ఇంగ్లిష్‌లో కూర్చుకోవాలి. వాడికి ఇంకాస్త టైమివ్వండి.

ఆ తరువాత మీ లెక్కల సారును ఒక పీరియడ్ వచ్చి కూర్చోమనండి. ఇంగ్లిష్ టీచరును పిలవకండి, ఆవిడ మీ గ్రామర్ చూస్తుంది. లెక్కల సారుకు సీటింగ్ ప్లాన్ గీసిన కాగితం ఇచ్చి, ఎవరు నోరు తెరిస్తే వాళ్ల పేరు దగ్గర టిక్కు పెట్టమనండి. అంతకుమించి అభిప్రాయాలు వద్దు. ఆ టిక్కులు ఏ బెంచీల దగ్గర గుంపుకట్టాయో చూస్తే వచ్చేవారం ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఎంఏ ఇంగ్లిష్ చేశాను, ఉద్యోగం చేయలేదు. మా అపార్ట్‌మెంట్లో జపాన్ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ల ఆడవాళ్లు ముగ్గురికి ఇంగ్లిష్ చెబుతున్నాను. గ్రామర్ వాళ్లకు నాకంటే బాగా వచ్చు, మాట మాత్రం పెగలదు. నాదేమో తెలుగు యాస. నేను చెప్పడం న్యాయమేనా? నన్ను నేను ఎలా మెరుగుపరుచుకోవాలి?
- ఒక పాఠకురాలు, యశ్వంత్‌పుర

జవాబు: భేషుగ్గా న్యాయమే. వాళ్లు మాట్లాడాల్సింది లండన్‌లో కాదు కదా. డాక్టరుతో, వాచ్‌మన్‌తో, స్కూలు టీచరుతో ఇక్కడే మాట్లాడాలి. వీళ్లందరి ఇంగ్లిష్‌కూ ఏదో ఒక యాస ఉంది.

మీకున్న ఒక లాభం మీరు గమనించినట్టు లేదు. జపనీస్‌లోనూ తెలుగులోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. మన ‘లో’, ‘కి’, ‘నుంచి’ లాగా వాళ్ల విభక్తులూ పేరు తరువాతే వస్తాయి. ఇంగ్లిష్‌లోని ‘ఎ’, ‘ది’ లాంటివి వాళ్లకూ లేవు, మనకూ లేవు. హల్లుతో ముగిసే ఇంగ్లిష్ మాటకు మనం ఉకారం తగిలించినట్టే వాళ్లూ ఏదో ఒక అచ్చు తగిలిస్తారు. అంటే మీరు హైస్కూల్లో ఎక్కడెక్కడ తట్టుకుని పడ్డారో వాళ్లూ అక్కడే పడతారు. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్న టీచరుకు ఆ గుంట కనిపించదు. మీరు ‘ది’ ఎలా నేర్చుకున్నారో, ఇప్పటికీ ఎక్కడ అనుమానం వస్తుందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ మొదటి ట్రైనింగ్ మెటీరియల్ అదే. తేడా ఉన్నచోట మాత్రం జాగ్రత్త. మనకు ర, ల వేరు వేరు, వాళ్ల చెవికి ఆ తేడా ఆనదు. ‘రైట్’, ‘లైట్’ లాంటి జంటలు చెప్పి ముందు వినిపించండి, పలకమనడం తరువాత.

మీ సొంత ఉచ్చారణకు రెండు పనులు. ఎకారంతో మొదలయ్యే మాటకు ముందు ‘య’, ఒకారానికి ముందు ‘వ’ చేర్చే అలవాటు మనలో చాలామందికి ఉంది: యెవ్రీ, వోన్లీ. అది వినిపిస్తోందేమో రికార్డు చేసుకుని చూడండి. రెండోది, కొత్త మాటకు డిక్షనరీలో అర్థంతో ఆగకుండా, ఒత్తి పలకాల్సిన చోట చూపే గుర్తు కూడా చూడండి. మన యాసలో అవతలివాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అక్షరాల కంటే ఈ ఒత్తే అని నా అనుభవం.

మాట పెగలడం గురించి. ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలో, ఈ బెంగళూరు పేరుతోనే ప్రసిద్ధమైన ఒక ప్రయోగం చేశారు. పాఠాల్లో గ్రామర్ వరస తీసేసి, పిల్లల చేతికి రైల్వే టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి లెక్క తేల్చమన్నారు. బుర్ర సమస్య మీద పెడితే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన వాదన. ఇవాళ ప్రపంచమంతా టాస్కులతో భాష నేర్పడం అంటుంటే దాని తొలి అడుగుల్లో ఇదీ ఒకటి. బయటి దేశాల ట్రైనర్లకు తెలిసినంతగా మన స్టాఫ్ రూముల్లో ప్రభు పేరు తెలియకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. మీ ముగ్గురికీ నమ్మ మెట్రో మ్యాపు ఇవ్వండి. యశ్వంత్‌పురలో ఎక్కి పదకొండింటికి వైట్‌ఫీల్డ్‌లో డాక్టరు దగ్గర ఉండాలి, ఎక్కడ మారాలి, ఎన్నింటికి బయల్దేరాలి? వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి. గ్రామర్ తప్పులు కాగితం మీద రాసుకోండి కానీ మధ్యలో నోరు మెదపకండి. టీచరుకు అన్నిటికంటే కష్టమైన పని అదే.

ప్రశ్న: కోలారు జిల్లాలో ప్రభుత్వ స్కూలు టీచర్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, నేను చెప్పేది ఇంగ్లిష్. బెంగళూరులో 30 రోజుల ఇంగ్లిష్ ట్రైనింగ్‌కు నన్ను పంపుతామంటున్నారు. చంటిపిల్ల ఉంది. తప్పించుకోమంటున్నారు అందరూ.
- ఒక టీచర్, శ్రీనివాసపుర

జవాబు: జ్ఞానభారతి క్యాంపస్‌లోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ గురించే కదా మీరు రాసింది? 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు శిక్షణ ఇస్తున్న సంస్థ అది. వెళ్లండి. మరీ పసిపిల్లయితే వచ్చే బ్యాచ్‌లో వేయమని రాసివ్వండి, రానని మాత్రం రాయకండి. నెల రోజులు ఇంగ్లిష్‌లో మాట్లాడక తప్పని చోటు మీ తాలూకాలో దొరకదు. కేరళ టీచరో తమిళనాడు టీచరో పక్కన ఉంటే మీకూ వాళ్లకూ కలిసే భాష ఇంగ్లిషే. తప్పించుకోమంటున్నవాళ్లలో ఆ ట్రైనింగ్‌కు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

ప్రశ్న: మా స్కూల్లో ఇంగ్లిష్ కోఆర్డినేటర్ని. ఏటా టీచర్లకు 50 గంటల ట్రైనింగ్ చూపించాలి. శనివారాలు పీపీటీలు పెడితే అందరూ కరెక్షన్ పని తెచ్చుకుని కూర్చుంటున్నారు. ఏం చేయాలి?
- ఒక కోఆర్డినేటర్, వైట్‌ఫీల్డ్

జవాబు: కరెక్షన్ పని తెచ్చుకుంటున్నారంటే బుద్ధిమంతులే. ఆ శనివారం నుంచి కాస్త ఉపయోగం పిండుకుంటున్నది వాళ్లే.

50 గంటలన్నది 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాట. సీబీఎస్ఈ స్కూళ్లకూ అదే లెక్క, అందులో కొంత భాగం స్కూల్లోనే చేసుకోవచ్చు. ఆ భాగాన్ని పీపీటీల నుంచి విడిపించండి. జపాన్ స్కూళ్లలో ఒక పాత పద్ధతి ఉంది, బయట లెసన్ స్టడీ అంటారు. ముగ్గురు టీచర్లు కలిసి ఒకే ఒక్క పాఠం తయారుచేస్తారు. ఒకరు ‘ఎ’ సెక్షన్‌లో చెబుతారు, మిగతా ఇద్దరు చూస్తారు. చూడాల్సింది టీచరును కాదు, పిల్లలను: ఎవరు రాయడం మొదలుపెట్టారు, ఎవరు పక్కవాడిది చూసి రాశారు, ఏ మాట దగ్గర అందరూ తల గోక్కున్నారు. సాయంత్రం ఆ పాఠాన్ని సరిచేసుకుని రెండోవారు ‘బి’ సెక్షన్‌లో చెబుతారు. పాఠం ముగ్గురిదీ కాబట్టి బాగోకపోయినా ఒకరి పరువు పోదు. మన స్టాఫ్ రూముల్లో పరిశీలన అనగానే ప్రిన్సిపాల్ రిమార్కు, ఇంక్రిమెంటు కోత గుర్తొచ్చే భయం ఉంది చూడండి, దానికి ఇది మంచి విరుగుడు. వీళ్ల పరిశీలన కాగితాలు అప్రైజల్ ఫైల్లోకి వెళ్లవని ప్రిన్సిపాల్ చేత ముందే అందరి ఎదుటా చెప్పించండి. ఆ ఒక్క హామీ లేకపోతే అందరూ బాగా వచ్చిన పాఠమే చూపిస్తారు.

బయటి గాలి కావాలంటే చెన్నైలో ఇంగ్లిష్ టీచర్ల సంఘం ఎల్టాయ్ ఉంది. 1974 నుంచి నడుస్తోంది, సొంత పత్రిక కూడా ఉంది. మీ ముగ్గురు చేసిన పాఠం గురించి రెండు పేజీలు రాసి దానికి పంపండి. వేసుకోకపోయినా రాసేటప్పుడు ఆలోచన తేటపడుతుంది.

మీకు అసలు అడ్డంకి సబ్‌స్టిట్యూషన్ పీరియడ్. ముగ్గురికీ ఒకేసారి ఖాళీ దొరకదు, ఒకరు ఖాళీగా ఉంటే ఇంకెవరి క్లాసుకో తోసేస్తారు. కాబట్టి టైమ్‌టేబుల్ వేసే సారుతో ఈ వారమే మాట్లాడి, వారానికి ఒక పీరియడ్ ముగ్గురి పేర్ల కిందా ఖాళీగా ఉంచేయించండి. స్కూలు తెరిచాక అడిగితే ఆ పీరియడ్‌ను స్పోర్ట్స్ డే రిహార్సల్‌కు ఇచ్చేసి ఉంటారు.