కష్టం తెలీకుండా పెంచాం, ఇప్పుడు చదవట్లేదు అంటున్న ఖమ్మం అన్నకి

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. టిఫిన్ సెంటర్ నడుపుతారు, తెల్లారుజామున 4కే లేస్తారు, బాబు టెన్త్ దాకా పుస్తకం పెద్దగా తియ్యకుండానే క్లాస్ ఫస్ట్, ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో వీకెండ్ టెస్టుల్లో అడుక్కి పోయాడు, అడిగితే "నా వల్ల కాదు నాన్నా" అంటున్నాడు, సీఈసీకి మార్చేయమంటారా అని అడిగారు. మధ్యలో "వాడికి కష్టం తెలీకుండా పెంచాం" అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడుంది.

ఇప్పుడే మార్చకండి. వాడికి మ్యాథ్స్ రాదని ఇంకా తేలలేదు, రాని లెక్కతో కుస్తీ పట్టడం అలవాటు లేదు అంతే. ఇన్నాళ్లూ చూడగానే వచ్చేసేది, చుట్టాలంతా బుర్రున్నోడు అనేవాళ్లు, ఇప్పుడు కూర్చుని చేసినా రాకపోతే ఆ పేరు పోతుందని భయం, అందుకే చెయ్యడమే మానేస్తారు ఇలాంటి పిల్లలు. బయటికి బద్ధకంలా కనపడుద్ది. 1998లో అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు ఐదో క్లాస్ పిల్లలకి పజిల్స్ ఇచ్చి కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే బాగా కష్టమైనవి ఇచ్చి, మళ్లీ మొదటిలాంటివే ఇస్తే తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలకి మొదటికంటే తక్కువ వచ్చాయి, రెండోవాళ్లకి పెరిగాయి. అందుకే ఇంట్లో బుర్ర మాట బంద్ పెట్టండి, పొగిడేటప్పుడూ వద్దు తిట్టేటప్పుడూ వద్దు.

వాడి రఫ్ బుక్ ఒకసారి తియ్యండి. నా దగ్గరికొచ్చే పిల్లల బుక్కుల్లో ఎక్కువ నాకు కనపడేది ఏంటంటే రెండు లైన్లు రాసి అడ్డంగా కొట్టేసి ఉంటది, కింద నెక్స్ట్ లెక్క నంబర్. ఇది ఎగ్జామ్ నేర్పిన అలవాటే. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అక్కడ రానిది వదిలెయ్యాల్సిందే, కానీ ఇంట్లో ప్రాక్టీస్‌లో కూడా అలాగే వదిలేసి సొల్యూషన్ చూసి "ఓ ఇంతేనా" అనుకుంటే ఏమీ వంటబట్టదు. రోజుకి ఒక్క లెక్క, 20 నిమిషాలు, కీ చూడకుండా. రాకపోయినా పర్లేదు, ఎక్కడ ఆగిపోయాడో ఒక లైన్ రాయాలి, తెల్లారి లెక్చరర్‌ని ఆ లైన్ గురించే అడగాలి.

ఇంకోటి, ఆదివారం పొద్దున ఒక్క గంట పెనం దగ్గర నిలబెట్టండి, శిక్షలా కాదు, "దోసెలు వెయ్యడం నేర్పిస్తా రారా" అని. మొదటివి అంటుకుంటాయి, చిరుగుతాయి, నీళ్లు చల్లితే చప్పుడు ఎలా ఉంటే పెనం సరిగ్గా కాలినట్టో మీకు తెలుసు కదా, అది మీక్కూడా ఒక్కరోజులో రాలేదు, ఎన్ని దోసెలు పాడుచేశాక వచ్చిందో వాడికి చెప్పండి. మేం ఇంత కష్టపడుతుంటే నువ్వేమో అని మాత్రం మొదలుపెట్టకండి ప్లీజ్, ఆ మాటతో పిల్లలు తల దించుకుంటారు తప్ప పుస్తకం తియ్యరు. నాలుగైదు వారాల్లో గుండ్రంగా ఒక దోసె వచ్చిందంటే, చేస్తూ పోతే వస్తదని వాడి చేతికే తెలుస్తది.

రెండు నెలలు ఇలా చేశాక కూడా మ్యాథ్స్ అంటే ఏడుపొస్తోంది అంటే అప్పుడు సీఈసీ గురించి వాడితోనే కూర్చుని మాట్లాడదాం, అందులో తప్పేం లేదు, సీఏ వైపు వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడా గంటలు గంటలు కూర్చోవాల్సిందే. వచ్చేటప్పుడు మార్కుల మెమో కాదు, ఆ రఫ్ బుక్ పట్టుకురండి.