గడులా, గదులా, కణాలా?

సందేహం: సెల్యులార్ ఆటోమేటన్ మీద చిన్న ప్రోగ్రామ్ రాశాను. అంటే తెర నిండా గీతలతో విడదీసిన చిన్న చిన్న 'సెల్'లు ఉంటాయి, ఒక్కోటీ తన చుట్టూ ఉన్నవాటిని బట్టి నిండుతుంది లేదా ఖాళీ అవుతుంది. తెర మీద మౌస్‌తో నొక్కిన చోటల్లా నలుపు నిండుతుంది. ఆ తర్వాత నియమాల ప్రకారం నమూనా మారుతూ పోతుంది. వివరణలో "ప్రోగ్రామ్ ప్రతి కణాన్నీ చూస్తూ మారుస్తుంది" అని రాశాను. మా మాస్టారు 'కణం' కొట్టేసి 'గది' అని దిద్దారు. మా అమ్మ 'గడులు' అనాలంటోంది. ఏది ఒప్పు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయవాడ

సమాధానం: మీ అమ్మగారి మాటే ఒప్పు తల్లీ. మాస్టారి దిద్దుబాటుకూ ఆధారం లేకపోలేదు. సెల్ అనే మాటకు లాటిన్ మూలంలో చిన్న గది అనే అర్థం. రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి, అందులోని అరలకు 1665లో ఆ పేరు వాడాడు. కానీ తెలుగులో గది అంటే గోడలు, గుమ్మం ఉండాలి. గీతల మధ్య చోటు గడి. తొక్కుడుబిళ్ళకు నేల మీద గీసేవి గళ్ళు. మీకు దగ్గరే ఉన్న మంగళగిరిలో, మగ్గం మీద పడుగు రంగూ పేక రంగూ అడ్డంగా కలిసినచోట పడేవీ గళ్ళే.

'కణం' నాకు అసలు నచ్చదు. కణమంటే నలుసు, రేణువు, ఎగురుతుంది, దొర్లుతుంది. గణితవేత్త జాన్ కాన్వే రూపొందించగా 1970లో లోకానికి తెలిసిన సెల్యులార్ ఆటోమేటన్ 'గేమ్ ఆఫ్ లైఫ్' చూడండి. నిండిన గడి చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో రెండో మూడో నిండి ఉంటే అది నిలుస్తుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడు నిండి ఉంటే అదీ నిండుతుంది. మిగిలినవన్నీ ఖాళీ. ఇలా గళ్ళన్నీ ఒకసారి మారితే ఒక తరం. ఇందులో గ్లైడర్ అనే అయిదు గళ్ళ బొమ్మ నాలుగు తరాలకోసారి ఐమూలగా ఒక గడి జరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ గడీ జరగదు, ఎక్కడిదక్కడే నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. మీరు కణం అంటే చదివేవాళ్ళు నలుసు పాకిందనుకుంటారు.

బహువచనం సంగతి: గుడి–గుళ్ళు, బడి–బళ్ళు, మడి–మళ్ళు, అలాగే గడి–గళ్ళు. 'గడులు' తప్పని అనను, గళ్ళు అంటే నోటికి హాయి. గది మాత్రం గదులే.

మీరు అడగనిది ఇంకొకటుంది, నాకు అదే ముఖ్యంగా తోచింది. మీ వాక్యంలో 'చూస్తూ'. చూడటం, మార్చడం ఒకేసారి సాగుతున్నాయని దాని అర్థం. అలా చేస్తే పై వరుసలో అప్పుడే నిండిన గడి కింది వరుస లెక్కను చెడగొడుతుంది. కాన్వే నియమాలతో, అడ్డంగా పక్కపక్కన మూడు గళ్ళు నింపి నడిపించండి. తర్వాతి తరంలో నిలువుగా మూడు రావాలి, ఆ తర్వాత మళ్ళీ అడ్డంగా మూడు. 'చూస్తూ' మారిస్తే అలా రాదు. పాత పట్టికను కదపకుండా, ఫలితాన్ని కొత్త పట్టికలో రాసుకోవాలి. మీ ప్రోగ్రామ్‌లో ఆ మూడు గళ్ళూ సరిగ్గా తిరుగుతుంటే మీరు చేసింది అదే. కాబట్టి వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: "ప్రోగ్రామ్ అన్ని గళ్ళనూ చూశాక, అన్నిటినీ ఒక్కసారిగా మారుస్తుంది."